నిలబడని చేపలు

ఉగాది దాటిన వారంలో మా ఆయన మునికృష్ణ పుంగనూరు నుంచి ఒక ప్లాస్టిక్ సంచిలో చేపలు తెచ్చాడు. పసుపుపచ్చ ఒంటి మీద నల్లటి అడ్డచారలు, రెక్కల అంచున ఎరుపు. టైగర్ బార్బులంట. సంచిలో ఉన్నంతసేపూ అందులో ఒక్కటి కూడా కుదురుగా నిలబడలేదు.

"ఎట్ల తిరగతాండాయో సూడు మే," అన్నాడు నాతో, సంచిని దీపం ముందు ఎత్తి పట్టుకుని.

మదనపల్లెలో మాది రెండు గదుల అద్దె ఇల్లు. ముందు గదిలో కిటికీ కింద నా కుట్టుమిషన్, దాని పక్కన మూడడుగుల చేపల తొట్టి. తొట్టి మా పాప రమ్యశ్రీది. అందులో రెండు ఏంజెల్ చేపలుండేవి. రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు తెచ్చి అరచేయంత చేసింది పాప. వాటి రెక్కలు పట్టుదారాల్లాగ కిందకి వేలాడుతుండేవి. కదిలినా కదలనట్టే ఉండేవి. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి కూడా దించకుండా వాటి ముందు నిలబడేది పాప.

"ఇవి నా ఏంజెల్స్‌తో కలుస్తాయా నాన్నా?" అని అడిగింది ఆ రోజు.

"అన్నీ సేపలే గదమ్మా. యాల కలవవు?"

నాకు ఆశ్చర్యం వేసింది. ఏ చేప పక్కన ఏ చేపను వేయాలో పుంగనూరు చేపల అంగడి రెడ్డెప్పను అడగకుండా ఒక్క నత్తను కూడా ఇంటికి తెచ్చేవాడు కాదు ఆయన. పాపకు ఆ పిచ్చి పట్టించింది కూడా ఆయనే. అలాంటిది ఆ సాయంత్రం సంచి ముడి విప్పి తిన్నగా తొట్టిలోకి వంచేశాడు.

రెండు రోజులకే ఏంజెల్స్ రెక్కలు చీలికలయ్యాయి. బార్బులు గుంపుగా వచ్చి, ఆ దారాల్ని కొరికి పారిపోయేవి. ఏంజెల్స్ రెండూ మూలకు చేరి, తలలు పైకి పెట్టుకుని, మేతకు కూడా రాలేదు. పాప ఏడుస్తూ రెడ్డెప్పకు ఫోన్ చేసింది. ఆయన అంగడి పుంగనూరు బస్టాండు దగ్గర. మా ఆయనకు చిన్నప్పటి స్నేహితుడు.

"నేను సెప్పే ఇచ్చినా గదమ్మా మీ నాయనకి," అన్నాడు రెడ్డెప్ప. ఫోన్ స్పీకర్లో ఉంది, మేమందరం వింటున్నాం. "బార్బులు గుంపులో బతికేటివి. గుంపు సిన్నదైతే పక్క సేపని కొరకతాయి. పెద్దదైతే వాటిల్లో అవే కొట్లాడుకుంటాయి. ఎంత గుంపైనా సరే, నిదానంగా పొయ్యేదీ, పొడుగు రెక్కలుండేదీ వాటి దగ్గర బతకదు. ఉరికేదానికి ఉరికేదే తోడు. రెండిట్లో ఒకటి నాకు వాపసు తెచ్చీండి."

బార్బులే పోతాయని మేమందరం అనుకున్నాం.

"ఏంజెల్సే ఇచ్చేస్తా," అన్నాడు మా ఆయన.

"నాన్నా! అవి నావి!"

"ఏముండాదమ్మా వాటిల్లో సూసేదానికి? ఊరికే నిలబడుకోనుంటాయి."

ఆ మాటకు పాప ముఖం ఎలా అయిందో నేను చూశాను. ఆయన చూడలేదు. తొట్టి వైపు తిరిగి ఉన్నాడు. మరుసటి వారం తన బండికి పుంగనూరు లోడు దొరికినప్పుడు ఏంజెల్స్‌ని తీసుకుపోయి, ఇంకొన్ని బార్బులతో తిరిగి వచ్చాడు. ఆ రోజు నుంచి పాప ఆయనతో మాట్లాడటం మానేసింది. ఏదైనా కావాలంటే నాతో చెప్పేది, "ఆయన్ని అడుగు" అని.

ఆ ఏడు టమోటాకు ధర బాగా పలికింది. మా ఆయనకు సొంత పికప్ బండి ఉండేది. తెల్లవారకముందే లేచి కలకడ వైపు ఊళ్లకు పోయి, తోటల దగ్గర బాక్సులు ఎక్కించుకుని, మదనపల్లె మార్కెట్ యార్డులో మండీకి దించేవాడు. ధర ఉన్న రోజుల్లో బండికి తెరిపి ఉండదు. మధ్యాహ్నం ఇంటికొచ్చి, నాలుగు ముద్దలు తిని, తొట్టి ముందు కూర్చునేవాడు. తల కొంచెం పక్కకు తిప్పి, ఓరకంట చూస్తున్నట్టు చూసేవాడు. ఒక్కోసారి గంటసేపైనా లేచేవాడు కాదు.

మా అత్త సిద్ధమ్మ గడపలో కూర్చునేది. పెద్దపంజాణి దగ్గర పల్లె ఆమెది. మామ పోయాక గొర్రెల మందను అమ్మేసి మాతోనే ఉండిపోయింది. మా ఆయన ఆమెకు ఒక్కడే కొడుకు. కొడుకు చేపల్ని చూస్తుంటే ఆమె కొడుకును చూసేది.

"ఏం నాయినా, మెడ నొస్తాందా?" అని అడిగింది ఒక సాయంత్రం.

"లేదుమా."

"మరి యాల పక్కకి తిరిగి సూస్తాండావు?"

"లైటు కొడతాందిలే మా కంట్లో."

ఆమె లేచి లోపలికి పోయి పడుకుంది. తినడానికి పిలిస్తే కడుపులో బాగలేదంది.

నేను కూడా కొన్ని గమనించకపోలేదు. ఫోన్‌కు ఏదైనా మెసేజ్ వస్తే "సదువు మే" అని నా చేతికిచ్చేవాడు. ఎర్ర జాకెట్టు గుడ్డను చూసి, ఈ మట్టిరంగు ఎవరిదని అడిగాడు ఒకసారి. మార్కెట్ సీజన్, నిద్ర లేదు, మనిషి అలిసిపోయాడు అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సులువుగా ఉండింది.

మే నెలలో ఒకరోజు యార్డుకు సెలవు. ఆయన పొద్దుటి నుంచి ఇంట్లోనే ఉన్నాడు. నేను పెళ్లివాళ్ల జాకెట్లు కుడుతున్నాను. ఆయన తొట్టి దగ్గర స్టూలు మీద కూర్చుని చిటికెడు మేత వేశాడు. బార్బులు ఒక్కసారిగా పైకి ఎగబడ్డాయి.

"అన్నీ బాగుండాయా?" అన్నాను, ఊరికే, దారం కొరుకుతూ.

"బలేగుండాయి. ఒగటి గూడా నీరసంగా లేదు."

నేను అటు తిరిగాను. ఫిల్టరు గొట్టానికి అంటుకుని ఒక బార్బు చచ్చి ఉంది. ఆయన ముఖానికి జానెడు దూరంలో. ఒళ్లు పాలిపోయి, దాని మీద దూది లాంటి తెల్లటి బూజు కూడా పట్టింది. నిన్నటి నుంచీ అక్కడే ఉండుండాలి. బతికిన చేపలు దాని పక్క నుంచి దూసుకుపోతున్నాయి. ఆయన వాటిని చూసి నవ్వుతున్నాడు.

మిషన్ మీద నుంచి నా కాలు తీశాను. వంటింట్లోకి పోయి టీ వడగట్టే జల్లెడ తెచ్చి, తొట్టిలో చేయి పెట్టి దాన్ని తీశాను.

"ఏందది తీస్తాండావు?"

"ఏదో సెత్త పడుంటే."

"ఓహో," అన్నాడు.

చేపను గుడ్డపీలికలో చుట్టుకుని పెరట్లోకి పోయాను. గునపంతో చిన్న గుంత తీస్తుంటే మా అత్త నా వెనకే వచ్చి నిలబడింది. నా చేతిలోది చూసింది. నా ముఖం చూసింది. మెల్లగా వచ్చి నీళ్ల తొట్టి గట్టు మీద కూర్చుంది.

"మా తమ్ముడు గంగులయ్య గూడా ఇట్లనే," అంది.

గంగులయ్య మామ గుడ్డివాడని నాకు తెలుసు. నేను కాపురానికి రాకముందే పోయాడు. పడుచువయసులో జిల్లేడు పాలు కంట్లో పడి చూపు పోయిందని చెప్పుకునేవాళ్లు.

"జిల్లేడు పాలూ లేదు, ఏమీ లేదు మే. అందురూ అట్ల అన్న్యారు, మేము గూడా అదే సెప్పుకున్న్యాం. పెండ్లి కుదిరిన్యాక ఒగ కన్ను మసకేసింది. ఆనక రెండోది. గొర్రెల్ని ఇట్లనే మెడ పక్కకి తిప్పి సూసేవోడు. పారాడే గొర్రె కనపడతాదక్కా, పండుకున్న గొర్రె కనపడదు అనేవోడు నాతో."

"నీకు ఎప్పుడు తెల్సింది అత్తా?"

"ఆ పొద్దు, లైటు కొడతాంది అన్న్యాడు సూడు, అప్పుడు."

"మరి యాల సెప్పలేదు నాకు?"

"నా నోట్లోనించి వస్తే నిజమైపోతాదేమో అనుకున్న్యా మే," అంది ఆమె.

మరుసటి తెల్లవారుజామున ఆయన బండి తీస్తుంటే, పక్క డోరు తీసుకుని ఎక్కి కూర్చున్నాను.

"నువ్వు యాడికి?"

"కలకడలో ఒకామెకి జాకెట్లు ఇయ్యాల."

నా చేతిలో జాకెట్లు లేవు. ఆయన అది కూడా చూడలేదు.

ఊరు దాటాక బండి ఒక లారీ వెనక చేరింది. దాని వెనక లైట్లు పట్టుకుని, అదే వేగంతో, అది ఎక్కడ ఒరిగితే అక్కడ ఒరుగుతూ పోయాడు. ఆయన తల కొంచెం పక్కకే తిరిగి ఉంది. ఎదురుగా వచ్చే బళ్లకు సరిగానే దారిచ్చాడు. ఒకచోట రోడ్డు మీదకి కుక్క ఉరికితే నాకన్నా ముందు ఆయనే చూశాడు. నా భయమంతా వట్టిదేమో అనిపించింది. దేవుడా, వట్టిదే చేయి అనుకున్నాను. ఇంతలో లారీ ఏదో ఊరి వైపు తిరిగిపోయింది. ముందు రోడ్డు ఖాళీ. కొంచెం దూరంలో, మేం పోయే వైపునే, ట్రాక్టరు ట్రాలీ ఒకటి ఆగి ఉంది. దానికి లైట్లు లేవు, మనిషి లేడు. మా బండి వెలుతురులో దాని ఇనుప తలుపు నాకు స్పష్టంగా కనబడుతోంది.

ఆయన బ్రేకు వేస్తాడని చూశాను. వేయలేదు.

"ట్రాక్టరు!" అని అరిచాను.

బ్రేకు తొక్కాడు. వెనక ఖాళీ బాక్సులన్నీ వచ్చి క్యాబిన్‌కు కొట్టుకున్నాయి. ఇంజన్ ఆగిపోయింది. ట్రాలీ మా అద్దానికి ముందు, చేయి చాపితే అందేటట్టు ఉంది.

"యాడ?" అన్నాడు ఆయన.

ఆయన మెడను అటూ ఇటూ తిప్పాడు. అప్పుడు కనబడినట్టుంది. రెండు చేతులూ స్టీరింగు మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఎన్నాళ్ల నించి?" అన్నాను.

"ఎడమ కన్ను సంక్రాంతి ముందర్నించే మసగ్గా ఉండె. కుడిది ఉగాదికి మొదలయ్యింది. నడిమధ్యలో పొగ కమ్మినట్ల ఉంటాది మే. పక్కల తెలస్తాది. కదిలేటిది తెలస్తాది. నిలబడిందే తెలవదు."

"ఆ ట్రాలీ పక్కన ఎవరన్నా నిలబడుకోనుంటే? బిడ్డెవరన్నా ఉంటే? నువ్వు సస్తావు, ఇంగొకర్ని సంపుతావు! ఇంట్లో ఒగ మాట సెప్పేదానికి నోరు రాలేదా నీకు?"

"సీజను అయిపోనీలే అనుకున్న్యా," అన్నాడు. "నలభై రోజులు. ఆనక నేనే ఇడిసిపెడదామని."

కొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. భుజం మీద ఒక దెబ్బ వేశాను కూడా. ఆయన కదల్లేదు. తాళంచెవి తీసి నా ఒళ్లో పెట్టాడు. ఫోన్ చేస్తే యార్డు నుంచి ఇంకో డ్రైవరు వచ్చి బండిని వెనక్కి తీసుకుపోయేదాకా ఇద్దరం ఆ రోడ్డు పక్కనే కూర్చున్నాం. తెల్లారింది. బాక్సులు నింపుకున్న బళ్లు వరసగా మదనపల్లె వైపు పోతున్నాయి. తెలిసినవాళ్లు హారన్ కొట్టి పలకరిస్తుంటే, ఆయన శబ్దం వచ్చిన వైపు చేయి ఎత్తుతున్నాడు.

మదనపల్లెలో చూసిన కంటి డాక్టరు కుప్పం పెద్దాసుపత్రికి పొమ్మని రాసిచ్చాడు. మా అత్త కూడా వస్తానని పట్టుబట్టింది. అక్కడ రోజంతా పరీక్షలు చేశారు. చివరికి ఒక డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టింది. నాకన్నా చిన్నది.

"మీది మేనరికమా?" అంది.

"కాదమ్మా."

"ఈయన అమ్మ వైపు ఎవరికైనా ఇలా వచ్చిందా?"

నేను వెనక్కి తిరిగి చూసేలోగానే మా అత్త చెప్పింది. "మా తమ్మునికి వచ్చిందమ్మా."

డాక్టరమ్మ తల ఊపింది. కంటి నుంచి మెదడుకు పోయే నరం ఎండిపోతోందని, మధ్య చూపు పోయి పక్క చూపు మిగులుతుందని చెప్పింది. తిరిగి వస్తుందని మాట ఇవ్వలేనంది. మందులు వాడి చూద్దామంది. "ఇది తల్లి నుంచి పిల్లలకు వస్తుంది. తండ్రి నుంచి పోదు. మీ పాపకు భయం లేదు," అంది నాతో.

అంతసేపటికి నాకు ఊపిరి తిరిగింది. ఆ ఊపిరి పూర్తిగా వదలకముందే, నా కుర్చీ వెనక ఎవరు నిలబడి ఉన్నారో గుర్తొచ్చింది.

తిరుగు ప్రయాణంలో బస్సు ఖాళీగా ఉంది. ఆయన మా ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. పలమనేరు దాటి గంగవరం వచ్చాక మా అత్త నా చేయి పట్టుకుంది.

"నా పాలల్లోనించి పొయ్యిందా మే వానికి?"

"పాలల్లో ఏం లేదత్తా."

"మూడేండ్లు తాగినాడు వాడు. మాన్పిస్తే ఏడ్సేవోడు."

"పాలతో వచ్చేది కాదత్తా అది."

"మరి దేంట్లోనించి వస్తాది? తల్లి నించి అనింది గదా ఆయమ్మ?"

ముందు సీట్లో ఆయన తల తిప్పకుండానే అన్నాడు. "అమ్మా, ఊరుకో. నువ్వేమన్నా ఏరి ఇచ్చినావా నాకు? నీకు ఉండేదే ఇచ్చినావు."

ఆయన ఓదార్పుకే అన్నాడు. కానీ ఆ మాటకు ఆమె పమిట చెంగు నోట్లో కుక్కుకుని పుంగనూరు దాకా ఏడ్చింది.

బండి అమ్మేశాం. కొన్నవాళ్లు వచ్చి తీసుకుపోయిన రోజు పాపకు చెప్పాల్సి వచ్చింది. అప్పటిదాకా నాన్నకు ఒంట్లో బాగలేదని మాత్రమే చెప్పాం. పెరట్లో ఇద్దరం ఆరిన బట్టలు మడుస్తుంటే చెప్పాను. పాప ఏడవలేదు. చేతిలో ఉన్న దుప్పటి మడత మళ్లీ విప్పి, మళ్లీ మడిచింది.

"అందుకేనా ఏంజెల్స్‌ని ఇచ్చేసింది?"

నేను తల ఊపాను.

"నాకు సెప్పింటే నేనే ఇచ్చేసేదాన్ని గదమ్మా," అంది. లోపలికి పోయి నాన్న దగ్గర నిలబడింది. అంతలోనే మళ్లీ బయటికి వచ్చేసింది. ఆయన అలికిడికి తల తిప్పి, "ఎవురు?" అన్నాడు.

మరో నాలుగు రోజులకు, "పుంగనూరు పోదాం రామ్మా," అంది. బస్సులో పోయాం. రెడ్డెప్ప మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. సంగతి విన్నట్టున్నాడు, ముఖం చాటేసి తొట్టి అద్దాలు తుడవసాగాడు.

"రెడ్డెప్ప మామా, నాకు సేపలు కావాల," అంది పాప. "ఎర్రవి వద్దు. నాన్నకి ఎరుపు తెలవడంలేదు. తెల్లంగా మెరిసేటివి కావాల. పెద్దగా ఉండాల. బార్బులతో కలిసి బతకాల. ఎప్పుడూ నిలబడగూడదు."

రెడ్డెప్ప చేతిలో గుడ్డ ఆగింది.

"అచ్చం ఇదే మాట అడిగినాడమ్మా మీ నాయన, ఉగాదప్పుడు. ఆగని సేప ఇయ్యి రెడ్డెప్పా అన్న్యాడు. పెండ్లాము మాదిరి సతాయించే సేప కావల్నా అని నవ్విన్యా నేను." కళ్లజోడు తీసి పంచె కొసతో తుడుచుకున్నాడు. తర్వాత అంగట్లో ఒక చివర నుంచి మొదలుపెట్టాడు. పాప వేలు చూపిన ప్రతి తొట్టి దగ్గరా ఆగి చెప్పాడు. గప్పీలకు తోకలు పెద్దవి, బార్బులు మిగల్చవు. నియాన్లు మరీ సన్నం, వాటి వేగానికి జడిసి చస్తాయి. సిల్వర్ షార్కు బాగా ఉరుకుతుంది, తెల్లగానే ఉంటుంది, కానీ మూరెడు పెరుగుతుంది. మూడడుగుల తొట్టిలో వేస్తే పాపం.

"ఇదో, ఇవి," అన్నాడు చివరికి. వేలంత పొడవున, వెండి మీద నీలం గీతలతో, తొట్టి ఈ చివర నుంచి ఆ చివరికి కొట్టుకుంటున్నాయి. "పెద్ద డానియోలు. బార్బులు వీటిని అందుకోలేవు. ఇవి వాటి జోలికి పోవు. తొట్టికి మూత మాత్రం ఎయ్యండి, ఎగిరి బయటపడతాయి."

సంచి కట్టించుకున్నాక పాప అడిగింది, "నా ఏంజెల్స్ ఉండాయా మామా?"

"కుప్పంలో ఒకాయన తీసకపొయినాడమ్మా. ఆ తొట్టిలో వేరే సేపల్లేవు. బాగుంటాయి."



ఇంటికి రాగానే తొట్టి వెనక అద్దానికి నల్ల చార్టు అంటించింది, తెల్ల చేపలు బాగా తెలుస్తాయని. సంచిని కాసేపు నీళ్లలో తేలనిచ్చి, తర్వాత మెల్లగా వంచింది. నాన్న చేయి పట్టుకుని తెచ్చి స్టూలు మీద కూర్చోబెట్టింది. ఉగాది తర్వాత ఆయన్ని తాకడం అదే మొదలు.

"కొత్త సేపలు నాన్నా. తెల్లవి. నీకోసరం తెచ్చినా. సూడు."

ఆయన మెడ పక్కకు తిప్పి చూశాడు. కొంచెం ముందుకు వంగాడు. ముఖం వెలిగింది.

"అబ్బా, ఎంత బాగా తిరగతాండాయమ్మా! తెల్లంగా, మెరుపు మాదిరి. ఆ చివర్నించి ఈ చివరికి."

నేను మిషన్ దగ్గర నుంచి చూశాను. కొత్త నీళ్లకు బెదిరిన డానియోలన్నీ ఫిల్టరు కింద మూలలో, ఒకదాని పక్కన ఒకటి ఒదిగి, కదలకుండా ఉన్నాయి. తొట్టిలో తిరుగుతున్నవి పాత బార్బులే.

పాప నావైపు చూసింది. నేను తల దించుకున్నాను. తను నాన్న పక్కన నేల మీద కూర్చుని, ఆయన మోకాలికి గడ్డం ఆనించింది.

"అవు నాన్నా," అంది. "ఒగటి పైకి పోతాండాది సూడు. ఇంగొకటి దాని ఎనకాలే."

"ఊఁ, ఊఁ. సూస్తాండా," అన్నాడు ఆయన.

గడపలో నుంచి మా అత్త తొంగి చూసింది. లోపలికి రాలేదు. నన్ను సైగ చేసి పిలిచి, గొంతు తగ్గించి అడిగింది.

"కనపడతాండాయంటనా వానికి?"

"కనపడతాండాయంట అత్తా," అన్నాను.